చక్రం కింద అడ్డాకు

ఆయన పోయాడని ఫోనొస్తే నా నోట్లోంచి ముందుగా వచ్చిన మాట, "ఎవరు చూశారు?"

అవతల ఆయన కూతురు. మా స్టేషను పైన గూడెంలో ఆశా కార్యకర్తగా చేస్తోంది. కన్నతండ్రి పోయి ఏడుస్తున్న మనిషిని ఎవరైనా అలా అడుగుతారా? నాలిక కరుచుకున్నాను. ఆ అమ్మాయికి మాత్రం కోపం రాలేదు. ముక్కు చీదుకుని, "నానే సూసినాను మేడమ్. రెండుసార్లు సూసినాను," అంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల మరి.

నిజానికి ఆ మాట నాది కాదు, ఆయనది. అనంతగిరి కొండల్లో రెండు సొరంగాల మధ్య ఇరుక్కున్న ఈ స్టేషనుకి నేను స్టేషను మాస్టరుగా వచ్చేసరికి ఆయన ఇక్కడ పాయింట్స్‌మన్. పట్టాలు మార్చడం, జెండా చూపించడం, బండి చివరి పెట్టెతో సహా వచ్చిందో లేదో చూసుకోవడం ఆయన పని. రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది. సన్నటి మనిషి, కొంచెం ముందుకి వంగి, ఎక్కడో ఏదో మాడుతోందన్నట్టు ముక్కు ఎగరేస్తూ నడిచేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని. డ్రైవర్లందరూ అనుమానపు పక్షి అనేవారు. పై సొరంగం దగ్గర వానట బాబాయ్ అన్నా సరే, "ఎవరు సూసినారు?" అనేవాడు.

శుక్రవారం అరకు సంతకి పసుపు పట్టుకెళ్తే, సంచిలో పసుపుతో పాటు ఒక నల్లరాయి కూడా వెళ్లేది. షావుకారి కాటా మీద ముందు ఆ రాయి పెట్టేవాడు. అది ఎంత తూగాలో ఆయనకి తెలుసు. "నీ కాటాని నానెందుకు అడగాల, నా రాయినే అడుగుతాను," అనేవాడట. ఆయన వస్తుంటే షావుకారు మంచి కాటా తీసి ముందు పెట్టేవాడట. ఇది డ్రైవర్లు చెప్పిన మాట, నేను చూడలేదు.

ఆయనకి సంతకం తప్ప చదువు రాదు. అందుకని ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ఇద్దరి చేత విడివిడిగా చదివించుకునేవాడు. ఇద్దరూ ఒకటే చెప్తే అప్పుడు పెన్ను పట్టుకునేవాడు. స్టేషన్లో ఇద్దరం లేకపోతే బండి దిగిన గార్డుని ఆపి మరీ చదివించేవాడు.

నేను చేరిన మొదటి వారం, డ్యూటీ దిగబోతూ రిజిస్టరులో చివరి బండి కింద సంతకం పెట్టి పుస్తకం మూస్తున్నాను.

"ఆగమ్మా," అన్నాడు. "సంతకం కింద అంత ఖాళీ ఒదిలీసినావేటి? ఎవడైనా ఏటైనా రాసీగలడు."

"ఎవడు రాస్తాడు బాబాయ్, ఈ అడివిలో?"

"అడివిలోనే రాత్తారు. సూసినోడుండడు గదా."

స్కేలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఖాళీ పొడుగునా ఏటవాలుగా గీత గీయించాడు. అంతటితో వదల్లేదు. గీతకి రెండు చివర్లా చిన్న అడ్డగీతలు పెట్టమన్నాడు. అవెందుకంటే, గీతని కూడా ఎవడూ పొడిగించకుండా అట. గీత కొట్టడం మాలో మామూలే గానీ, ఆ చివరి అడ్డగీతలు నేనింకెక్కడా చూడలేదు. నాకు నవ్వొచ్చింది. కానీ అలవాటంటే అలవాటే. ఏడాది తిరిగేసరికి మా అమ్మకి రాసే సరుకుల చీటీ కింద కూడా ఆ గీత పడేది.

ఇక్కడ మా స్టేషను సంగతి కొంచెం చెప్పాలి. పైనుంచి కిందికొచ్చే బండి అంటే ఇనపరాయి నింపుకుని ఓడరేవుకి పోయే గూడ్సు. ఆ బరువుతో ఈ వాలు దిగుతుంటే బ్రేకు అందకపోతే ఇంక దాన్ని ఆపేవాడు లేడు. అందుకే మా దగ్గర ఒక పట్టా విడిగా కొండవైపు ఎక్కి, ఇసకలో కూరుకుపోయి ఆగిపోతుంది. క్యాచ్ సైడింగు అంటాం. మామూలు వేళ దారి ఎప్పుడూ దానికే కలిపి ఉంటుంది. దిగే బండి ముందు పూర్తిగా ఆగాలి, కాసేపు నిలబడాలి, ఆ తర్వాత కూత వేసి దారి అడగాలి. అప్పుడే అసలు పట్టాకి మారుస్తాం. ఆగలేని బండి వెళ్లి ఇసకలో పడుతుంది. అంటే దిగే ప్రతి బండీ మా లెక్కలో దొంగే, కాదని అది రుజువు చేసుకోవాలి. ఈ రూలు పెట్టిన మహానుభావుడెవరో గానీ, బాబాయికి వరసకి అన్నయ్య అయి ఉంటాడనుకునేదాన్ని.

ఈ లైను మీద ఆయన అనుమానం ఆయన కాలంది కూడా కాదు. వాళ్ల నాన్న ఈ సొరంగాలు తవ్విన కూలీ. తవ్వకం అయ్యాక నడిచి చూడండని ఇంజనీరు పిలిస్తే, గూడెం వాళ్లెవరూ కదల్లేదట. "నువ్వు ముందెల్లు దొరా, అటుపక్క నుంచి కేకెయ్యి, అప్పుడొత్తాం," అన్నాడట వాళ్ల నాన్న. ఇంజనీరు వెళ్లి కేకేశాడట. అయినా కేక ఆయనదేనా అని ఇంకో మనిషిని కొండ చుట్టూ తిప్పి పంపారట. ఈ కథ చెప్పినప్పుడల్లా బాబాయి దిగిపోతున్న గూడ్సు వైపు గడ్డం ఎత్తి చూపించేవాడు.

"సూడమ్మా, దిగినప్పుడు నిండుగా దిగుద్ది, ఎక్కినప్పుడు ఖాళీగా ఎక్కుద్ది. మీకోసమే రైలు ఏత్తన్నాం అన్నారంట మా అయ్యతో. ఇలాటి బండిని ఎలాగ నమ్మీడం?"

నేను రిజిస్టరులో బండి టైము రాసుకునేదాన్ని.

ఇంక ఆకు సంగతి. బండి ఆగిందని నా గదిలో దీపం చెప్తుంది, గడియారం చెప్తుంది, డ్రైవరు కూత చెప్తుంది. ఆయనకి ఇవేవీ చాలవు. దగ్గరికెళ్లి ఇంజను మొదటి చక్రానికీ పట్టాకీ మధ్య పల్లం వైపు ఒక అడ్డాకు అంచు దోపేవాడు. కాసేపు గొంతుక్కూర్చుని మెల్లిగా లాగేవాడు. చినక్కుండా వస్తే బండి నిజంగా ఆగినట్టు. నలిగితే, కంటికి తెలియకుండా జారుతోందన్నమాట. ఆ అడ్డాకులు అందరూ విస్తళ్లు కుట్టుకునేవి.

ఒక వానాకాలం పట్టాలు మార్చే మోటారు మొరాయించింది. అలాంటప్పుడు హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పాలి. హ్యాండిలు బాబాయి చేతిలో ఉంది. ఇనపరాయి బండి వచ్చి ఆగింది, కూత వేసింది. బళ్లు నడిపించే కంట్రోలు ఆఫీసు నుంచి ఫోను: "ఏటమ్మా, బండి చేత అక్కడే కాపురం పెట్టిస్తావా?"

"బేగి తిప్పు బాబాయ్," అన్నాను.

"ఆకు సూసొత్తాను."

"ఆగింది కదా, ఎదురుగా కనిపిస్తోంది కదా."

"ఆగిందా, ఆగినట్టు అగుపడిందా?"

వానలో నడిచి వెళ్లాడు. ఆకు పెట్టాడు, లాగాడు, నిక్షేపంలా వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన రెండో ఆకు తీశాడు. "మొదటాకు తడిసిపోనాది. తడిసినాకు జారి వచ్చీగలదు, దాని మాట నమ్మలేం," అని నా వైపు కేకేశాడు. ఆ రెండో ఆకు కోసం వెనక రెండు బళ్లు ఆగిపోయాయి. ఆలస్యానికి సంజాయిషీ చెప్పమని మెమో నాకొచ్చింది, ఆయనకి కాదు. ఉద్యోగంలో నాకు మొదటి మెమో అది. ఒళ్లు మండిపోయింది. అప్పట్నుంచి ఆయన మీద కన్నేశాను. తప్పు దొరక్కపోతుందా అని చూశాను. ఇప్పుడు దాచుకుని లాభమేముంది.

దొరికింది కూడా. మధ్యాహ్నం బళ్లు లేని వేళ చూసి, ఆయన ఒక రెగ్జిను సంచి చంకన పెట్టుకుని సైడింగు చివరికి పోయేవాడు. అక్కడ పట్టా మలుపు తిరిగి తుప్పల వెనక్కి పోతుంది, స్టేషనుకి కనపడదు. గంటకి తిరిగొచ్చేవాడు, కాళ్లకి ఇసక, ఒంటికి చెమట.

"ఏంటి పని బాబాయ్ అటు?" అని అడిగాను ఒకరోజు.

"ఎవరు సూసినారు?"

"నేనే చూశాను."

"సూసినావు గదా, మరింకేటి అడుగుతావు?"

అవి అరకు రోడ్డు మీద అడుగడుక్కీ గంజాయి తనిఖీలు చేస్తున్న రోజులు. బస్సుల్లో సంచులు దింపించి వెతికేవారు. ఎక్కడో గూడ్సు పెట్టెలో పొట్లాలు దొరికాయని ఫోన్లలో ఒకటే కబుర్లు. నేనొకసారి సైడింగు చివరికి వెళ్లి చూశాను. ఇసక అప్పుడే తిరగేసినట్టు మడులు మడులుగా ఉంది. కింద ఏదో పాతినట్టే ఉంది. కాలితో తన్నినా సంగతి తేలిపోయేది. తన్నలేదు, తవ్వలేదు. ఆయన అనుమానం వెళ్లి చూసొచ్చేది. నాది ఇంటికొచ్చి ఉత్తరం రాసింది.

పోలీసులకి ఆకాశరామన్న ఉత్తరం, సైడింగు ఇసకలో గంజాయి పాతుతున్నాడని. దస్తూరీ తెలియకూడదని ఎడం చేత్తో రాశాను. సెలవు మీద ఇంటికెళ్తూ ఎస్.కోటలో పోస్టు చేశాను. చేశాక టీ కూడా తాగాను, బాగా గుర్తు.

పది రోజులకి పోలీసులొచ్చారు, కుక్కని కూడా తెచ్చారు. బాబాయిని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇసకంతా తవ్వారు. కూతురు అంబలి క్యాను తెచ్చి పక్కన నిలబడింది. ఆయన తాగలేదు. టూరిస్టుల అద్దాల బోగీ రైలొచ్చి ఆగితే, అందులోని వాళ్లు ఫోన్లు పైకెత్తి ఆయన్ని వీడియో తీసుకున్నారు. నేను గదిలో రిజిస్టరు రాసుకుంటూ కూర్చున్నాను.

ఇసకలో ఏమీ లేదు. సంచిలో ఒక బొరిగె, నాలుగు అడ్డాకులు, అంతే. తర్వాత రైల్వే విచారణ నా గదిలోనే జరిగింది.

"మరెందుకు తవ్వుతున్నావు?" అన్నాడు ఆఫీసరు.

"గట్టిపడిపోద్ది బాబూ. వాన కొట్టి ఎండ కాత్తే ఇసక రోడ్డయిపోద్ది. గడ్డి మొలుత్తాది. రోడ్డు మీద బండి ఆగుద్దేటి?"

"ఇసక చూసుకోడానికి వేరే మనుషులు లేరా?"

"ఉన్నారు బాబూ. ఆల్లు సేత్తన్నారని ఎవరు సూసినారు?"

"ముందే చెప్పి చెయ్యొచ్చు కదా?"

"సెప్తే కాయితం అడుగుతారు. కాయితం అడిగితే పని ఆగిపోద్ది."

పక్కన రాసుకుంటున్న గుమాస్తా నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. డ్యూటీలో ఉండగా చోటు వదిలి వెళ్లడం, ఎవరూ చెప్పకుండా లైను తవ్వడం, ఈ రెండూ నేరాలుగా రాశారు. ఫిర్యాదు ఉత్తరం నకలు కూడా జతచేసి కాగితాలు ఆయన చేతిలో పెట్టారు. కింద మైదానంలో యార్డుకి బదిలీ.

బదిలీ అంటే ఇంకొకడికి బదిలీయే. ఆయనకి కాదు. భార్యకి రెండు కళ్లూ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇల్లు ఆవిడకి చేతుల్తో తెలుసు, పొయ్యి నుంచి కుండకి మూడడుగులు, కుండ నుంచి గుమ్మానికి ఆరు. గూడెంలో నీళ్ల గొట్టం దాకా ఒక్కతే నడిచి వెళ్లేది. ఆవిణ్ని ఆ యార్డు క్వార్టర్లో పెడితే చీకట్లో పడేసినట్టే. రిటైరయ్యేదాకా అక్కడ ఏడాదిన్నర.

బాబాయి నా దగ్గరికే వచ్చాడు. తెల్లకాగితం బల్ల మీద పెట్టి, "బదిలీ ఆపమని అర్జీ రాసి పెట్టమ్మా," అన్నాడు.

రాశాను. బదిలీ తెచ్చిందీ నేనే, ఆపమని రాసేదీ నేనే. నీ మీద ఉత్తరం రాసింది నేనే బాబాయ్ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఉద్యోగం పోతుందని భయం, అంతకన్నా ఎక్కువ సిగ్గు. అర్జీ అయ్యాక స్కేలు తీసి కింద ఖాళీకి గీత గీశాను. రెండు చివర్లా అడ్డగీతలు పెట్టాను. ఆయన అంతసేపూ కదలకుండా చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకొకళ్ల చేత చదివించుకో బాబాయ్," అన్నాను.

"అక్కర్లేదమ్మా. తెలిసింది."

మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ప్రపంచంలో ఎవర్నీ నమ్మని మనిషి నన్ను నమ్మాడనుకుని ఆరోజు క్వార్టరుకెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాను. అర్జీకి జవాబు రాలేదు. రాదని నాకు తెలుసు, పై ఆఫీసర్లు ఎవరి అర్జీ చదివారు గనక అనుకున్నాను. ఆ నెలాఖరుకి ఆయన భార్య చెయ్యి పట్టుకుని కిందికి దిగిపోయాడు. యార్డు క్వార్టర్లో గుమ్మం నుంచి కుళాయి దాకా తాడు కట్టాడని డ్రైవర్లు చెప్పారు. ఆవిడ తాడు పట్టుకున్నా గుమ్మం దాటలేదట.

ఆ మర్నాటి నుంచి బొరిగె నేను పట్టుకున్నాను. డ్యూటీ లేని వేళ చూసి సైడింగు చివర ఇసక తిరగేసేదాన్ని. కొత్త పాయింట్స్‌మన్ కొన్నాళ్లు నన్ను అదోలా చూశాడు. ఒకసారి నా సంచి కూడా విప్పి చూశాడని నా అనుమానం. ఎవరూ కోరుకోని స్టేషను కాబట్టి, ఉంటానంటే నన్ను ఇక్కడే ఉంచేశారు.

రిటైరై తిరిగొచ్చిన మర్నాడే బాబాయి సైడింగు దగ్గరికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. పలకరించలేదు. మోకాళ్ల మీద కూర్చుని మోచెయ్యి దాకా చెయ్యి ఇసకలోకి దింపాడు. ఇంకోచోట దింపాడు. లేచి దులుపుకున్నాడు.

"బాగుంది," అన్నాడు. తర్వాత ఆకులో పొగాకు చుట్టుకుని, వెలిగించి, సగం కాలేదాకా నా ఎదురుగా నిలబడ్డాడు. "ఇంకేటమ్మా కబుర్లు?"

"ఏం లేవు బాబాయ్."

తలూపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్నేళ్లో. పదిహేను రోజులకో నెలకో వచ్చేవాడు. ఇసకలో చెయ్యి పెట్టేవాడు, బాగుందనేవాడు, చుట్ట వెలిగించి నిలబడి "ఇంకేటమ్మా కబుర్లు?" అనేవాడు. నేను పై సొరంగంలో నీళ్లు కారుతున్నాయనో, కొత్త ఇంజన్లు వచ్చాయనో చెప్పేదాన్ని. పెద్దవాడు, ఊసుపోక వస్తున్నాడు పాపం అనుకునేదాన్ని.

మట్టి చేసిన మూడో రోజున గూడేనికి వెళ్లాను. ఆయన భార్య అరుగు మీద గోడకి చేరగిలి కూర్చుంది. రైల్వే వైద్యం కార్డు ఇకమీదట ఆవిడ పేరున నడవాలంటే అర్జీ పెట్టాలని, రాసి పెట్టమని కూతురు అడిగింది. పాత నంబర్లు కావాలంటే లోపల్నుంచి రెగ్జిను సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అదే సంచి.

అందులో కాగితాలన్నీ వరసగా ఉన్నాయి. అడుగున రెండు కాగితాలు గుండుసూదితో కలిపి ఉన్నాయి. పైది నేను రాసిన అర్జీ. దాన్ని ఎక్కడికీ పంపనే లేదు. కిందది ఆకాశరామన్న ఉత్తరం నకలు, ఎడం చేతి వంకర అక్షరాలు. ఆ అక్షరాల కింద, మిగిలిన ఖాళీ పొడుగునా ఏటవాలుగా గీత. గీతకి రెండు చివర్లా చిన్న అడ్డగీతలు.

ఎడం చేత్తో రాశానే గానీ గీత ఎప్పుడు గీశానో నాకు తెలియనే తెలియదు. ఆయనకి అక్షరాలు రావు. గీత వచ్చు. నేర్పిందే ఆయన. అయినా అదొక్కటే చూసి నమ్మలేదు. తెల్లకాగితం పట్టుకొచ్చి రెండో ఆకు పెట్టి చూశాడు.

"ఇయ్యేటి మేడమ్? ఇయ్యి కావాలేటి అర్జీకి?" అని కూతురు అడిగింది.

"ఆ రోజు మీ నాన్న మీద ఉత్తరం రాసింది నేనే," అన్నాను. ఇంకెలా చెప్పాలో తెలియలేదు.

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది, తర్వాత వాళ్లమ్మ వైపు చూసింది. ఆవిడ చూపులేని కళ్లు తెరిచే ఉన్నాయి.

"నాకు తెలుసు గుంటా," అంది ఆవిడ. కూతురితో కాదు, నాతో. "ఆ యేడే సెప్పినాడు. మరి అడగవేటి అన్నాను. ఇసక తవ్వుతున్నాది గదా, తనే సెప్తాదేటో సూద్దాం అన్నాడు. ఎల్లొచ్చిన రోజల్లా అడిగినాను, సెప్పిందేటి అని. ఇంకా లేదు అనీవోడు."

బండి ఆగడం ఒక్కటే చాలదు, ఆగాక కూత వెయ్యాలి. ఆయన అన్నేళ్లు నా ఎదురుగా నిలబడి దానికోసమే చూశాడు. నేను సొరంగంలో నీళ్ల గురించి చెప్పాను.

అర్జీ రాశాను. రాయకుండా లేచి వచ్చే మొహం కూడా నాకు లేదు. అయ్యాక అలవాటుగా పెన్ను ఖాళీ మీదికి పోయింది, అక్కడే ఆగిపోయింది.

"గియ్యండి," అంది కూతురు. "ఎవడైనా ఏటైనా రాసీగలడు."

గీశాను. రెండు చివర్లా అడ్డగీతలు పెట్టి కాగితం అందించాను. ఆ అమ్మాయి దాన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చదివింది, మళ్లీ చదివింది, కొంగుతో కళ్లు తుడుచుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాను.

"బడి మాస్టారికి సూపించొత్తాను మేడమ్," అని అరుగు దిగి వెళ్లింది. ఆ కాగితం రెండో మనిషి చదివి వచ్చేదాకా నేను అక్కడే కూర్చున్నాను.